పళ్లు జివ్వుమంటున్నాయా? ఏ వయసులో ఏ కారణమో తెలుసుకోండి

ఆ మధ్య ఒక ఆదివారం ఇంటికి కుల్ఫీ తెచ్చుకున్నాం. మొదటి ముక్క కొరకగానే మా అమ్మ చెంప మీద చేయి పెట్టుకుంది. ఎనిమిదేళ్ల మా అబ్బాయి "నాకొద్దు, పన్ను గుంజుతోంది" అని గిన్నె పక్కన పెట్టేశాడు. నాకు కూడా పైన ఎడమ పక్క జివ్వుమంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. టీవీలో యాడ్ చూసి తెచ్చిన సెన్సిటివ్ టూత్‌పేస్ట్ అప్పటికే ఇంట్లో ఉంది. అందరం అదే వాడుతున్నాం. ఇంకో ట్యూబు తెస్తే సరిపోతుందిలే అనుకున్నాం.

సరిపోలేదు. నెల తర్వాత నాకు కొంచెం తగ్గింది. మిగతా ఇద్దరికీ తగ్గలేదు. దంత వైద్యుడి దగ్గరికి వెళ్తే మూడు నోళ్లలో మూడు వేర్వేరు కారణాలు బయటపడ్డాయి. అందులో రెండింటికి ఆ పేస్టుతో సంబంధమే లేదు.

మనలో చాలా మంది చేసేది ఇదే. పళ్లు జివ్వుమంటే అదొక జబ్బు, దానికొక పేస్టు అనుకుంటాం. నిజానికి అది జబ్బు కాదు, జ్వరం లాంటి ఒక సూచన. ఐదేళ్ల పిల్లాడిలో దాని వెనుక ఉండే కారణం వేరు, పాతికేళ్ల కుర్రాడిలో వేరు, అరవై దాటిన వారిలో వేరు.

అసలు జివ్వు ఎలా పుడుతుంది?

పన్ను పైన కనిపించే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో దానంత గట్టి పదార్థం ఇంకోటి లేదు, ఎముక కూడా దాని తర్వాతే. అందులో నరాలు ఉండవు కాబట్టి దానికి చల్లన, వేడి తెలియదు. దాని కింద పసుపు రంగులో ఉండే పొర డెంటిన్. ఈ డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలుంటాయి, ఒక్క చదరపు మిల్లీమీటరు జాగాలోనే వేల సంఖ్యలో. వాటిలో పల్చటి ద్రవం ఉంటుంది. ఆ గొట్టాలు లోపల నరం ఉండే మెత్తటి భాగం దాకా వెళ్తాయి.

ఎనామిల్ అరిగి గానీ, చిగురు కిందికి జారి గానీ డెంటిన్ బయటపడితే ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లటి నీళ్లు తగిలినా, గాలి పీల్చినా లోపలి ద్రవం ఒక్కసారిగా కదులుతుంది. ఆ కదలిక నరాన్ని గిల్లుతుంది. అదే జివ్వు. ద్రవం కదలడం వల్లే నొప్పి పుడుతుందని 1960ల్లో స్వీడన్ దంత శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో వివరించారు. ఇప్పటికీ డాక్టర్లు ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఇదే.

చింతకాయ ఎక్కువ తింటే పళ్లు పులిశాయి అంటాం కదా, అన్నం నమలాలన్నా ఇబ్బందిగా ఉంటుంది. పులుపులోని యాసిడ్ పంటి పైపొరను కాసేపు మెత్తబరుస్తుంది, ఉన్న గొట్టాల మూతులను తెరుస్తుంది. తర్వాత లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ మళ్లీ ఆ నష్టాన్ని కొంత పూడుస్తాయి. అందుకే రేపటికి మామూలైపోతుంది. రోజూ పులిపిస్తూ పోతే మాత్రం పూడ్చే పని వెనకబడిపోతుంది.

పిల్లల్లో: ఆరేళ్లకు వచ్చే పన్నును గమనించండి

చిన్న పిల్లలకు పళ్లు గుంజడం అంటే ముందుగా అనుమానించాల్సింది పుచ్చును. పాలపళ్ల ఎనామిల్ పల్చగా ఉంటుంది, లోపలి నరం పైకి దగ్గరగా ఉంటుంది. రాత్రి పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందు పైపళ్లు త్వరగా పాడవుతాయి. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని వదిలేస్తారు. కానీ వెనకాల పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. అవి ముందే పోతే కింద నుంచి వచ్చే శాశ్వత పళ్లు దారి తప్పుతాయి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆరేళ్ల ప్రాంతంలో పిల్లల నోట్లో అన్నిటికంటే వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన శాశ్వత దంతం. కొంతమంది పిల్లల్లో ఈ పన్ను వచ్చేటప్పుడే మీగడ రంగులోనో, పసుపు, గోధుమ రంగు మచ్చలతోనో వస్తుంది. ముందు శాశ్వత పళ్ల మీద కూడా అలాంటి మచ్చలు ఉండొచ్చు. అక్కడ ఎనామిల్ సుద్దముక్కలా పెళుసుగా ఉండి, నమిలే ఒత్తిడికే రాలిపోతుంది. దీన్ని డాక్టర్లు ఎం.ఐ.హెచ్. అంటారు, ఆ పేరు 2001లో పెట్టారు. పుట్టిన దగ్గర నుంచి మూడేళ్ల లోపు, ఎనామిల్ తయారయ్యే రోజుల్లో ఏదో ఆటంకం వల్ల ఇలా జరుగుతుంది. కారణం ఒక్కటే అని చెప్పలేరు. తల్లి తప్పూ కాదు, చాక్లెట్ తప్పూ కాదు.

ఈ పిల్లలు బ్రష్ చేయమంటే ఏడుస్తారు, చల్లటి నీళ్లు ఒక పక్క నుంచే తాగుతారు. మనం బద్ధకం అనుకుని కసురుకుంటాం. మా వాడి సంగతి కూడా ఇదే. ఏడాదిగా వాడిని తిట్టిన తిట్లు గుర్తొచ్చి డాక్టర్ గదిలో నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. బ్రష్ తగలక అక్కడ పాచి పేరుకుంటుంది, పెళుసు పన్ను ఇంకా త్వరగా పుచ్చుతుంది. తొందరగా చూపిస్తే ఫ్లోరైడ్ వార్నిష్, ఫిల్లింగ్, అవసరమైతే తొడుగు వేసి పన్నును కాపాడతారు. ఆలస్యమైతే పదేళ్లకే శాశ్వత దవడ పన్ను పీకించాల్సి వస్తుంది.

ఇక్కడొక మాట. మచ్చలు అనగానే నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో గుర్తించింది ఇప్పటి ప్రకాశం ప్రాంతంలోనే. కానీ రెండిటికీ తేడా ఉంది. ఫ్లోరోసిస్ మచ్చలు చాలా పళ్ల మీద, కుడి ఎడమల్లో ఒకేలా కనిపిస్తాయి. మామూలు ఫ్లోరోసిస్‌లో రంగు తేడానే గానీ జివ్వు పెద్దగా ఉండదు. ఎనామిల్ గుంటలు పడి రాలే దాకా వస్తేనే ఉంటుంది. ఎం.ఐ.హెచ్.లో ఒక పన్ను బాగుంటుంది, దాని జత పన్ను పాడై ఉంటుంది.

అన్నీ భయపడాల్సినవే అని కాదు. కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను కొన్నాళ్లు కొంచెం జివ్వుమనడం మామూలే. ఊగుతున్న పాలపన్ను కూడా అంతే.

కుర్రకారు, కూల్‌డ్రింకులు

కాలేజీ వయసులో పెద్ద శత్రువు యాసిడ్. చక్కెర అనే అందరూ అనుకుంటారు. ఎనామిల్ దాదాపు 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలవుతుంది. మామూలు కోలా పీహెచ్ 2.5 ప్రాంతంలో ఉంటుంది. చక్కెర లేని డైట్ కోలాలోనూ యాసిడ్ ఉంటుంది. ఎనర్జీ డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, నిమ్మ సోడా కూడా ఈ కోవలోవే.

ఎంత తాగారన్న దానికంటే ఎంతసేపు తాగారన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక గ్లాసు తాగేసి ఊరుకుంటే లాలాజలం సర్దుకుంటుంది. బాటిల్ పక్కన పెట్టుకుని గేమ్ ఆడుతూ మూడు గంటలు గుటక గుటక తాగితే ఆ మూడు గంటలూ పళ్లు యాసిడ్‌లో నానుతున్నట్టే. పైగా తాగిన వెంటనే "పళ్లు పాడవుతాయి" అని బ్రష్ చేస్తారు. అది ఇంకా నష్టం, మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్ గీకేస్తుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి బ్రష్ చేయాలి.

రీల్స్‌లో చూసి నిమ్మకాయ, బేకింగ్ సోడా, బొగ్గు పొడి కలిపి పళ్లు తోముకునే వాళ్లు ఎక్కువయ్యారు. రెండు రోజులు తెల్లగా కనిపిస్తాయి. ఎందుకంటే పై పొర గీక్కుపోతోంది. కింద ఉన్న డెంటిన్ పసుపు రంగు కాబట్టి కొన్నాళ్లకు పళ్లు ఇంకా పచ్చబడతాయి, జివ్వు అదనం. క్లినిక్‌లో చేసే వైట్‌నింగ్ తర్వాత కూడా జివ్వు వస్తుంది గానీ సాధారణంగా కొద్ది రోజుల్లో పోతుంది. క్లిప్పులు బిగించినప్పుడు వచ్చే నొప్పి సంగతీ అంతే.

ఇరవై నుంచి నలభై: బాగా తోమే వాళ్లకే ఎక్కువ

పళ్లు జివ్వుమనడం ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే. విచిత్రం ఏంటంటే, శ్రద్ధగా తోమే వాళ్లు ఇందులో చాలా మంది. గట్టి బ్రష్, అడ్డంగా రంపంతో కోసినట్టు తోమడం, రోజుకు మూడు సార్లు. పన్ను మెడ దగ్గర, అంటే చిగురు పన్ను కలిసే చోట, ఎనామిల్ చాలా పల్చగా ఉంటుంది. చిగురు కింద వేరు మీదైతే ఎనామిల్ ఉండనే ఉండదు. సిమెంటమ్ అనే పల్చటి పొర ఉంటుంది, అది సులువుగా అరిగిపోతుంది. కుడి చేత్తో తోమే వాళ్లకు నోటి ఎడమ పక్క కోరపన్ను, దాని వెనక పళ్ల దగ్గర ఎక్కువ అరుగుతుంది, అక్కడ బలం ఎక్కువ పడుతుంది కాబట్టి. నాకు పైన ఎడమ పక్కే ఎందుకు జివ్వుమందో డాక్టర్ నా బ్రష్ చూడకుండానే చెప్పేశారు. గోటితో తడిమితే అక్కడ చిన్న గంటు తగులుతుంది.

గరుకు పళ్లపొడి, ఇటుక పొడి, బొగ్గు, ఉప్పుతో తోమే అలవాటు ఊళ్లలో ఇంకా ఉంది. వేప పుల్ల, మిస్వాక్ వాడేవాళ్లు కూడా పుల్ల చివర బాగా నమిలి మెత్తటి కుంచెలా చేసుకోవాలి. గట్టి పుల్లతో అడ్డంగా రుద్దితే చిగురు జారుతుంది. పైకీ కిందికీ, మెల్లగా తోమాలి. గుట్కా, వక్క రోజంతా నమిలే వాళ్లకు పళ్ల పైభాగం చదునుగా అరిగిపోయి నమిలే చోటే జివ్వుమంటుంది. నిద్రలో పళ్లు కొరికే వాళ్లకూ అంతే. పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టుంటే, తెలియకుండా కొరుకుతున్నారేమో ఇంట్లో వాళ్లను అడగండి.

క్లీనింగ్ గురించి ఒక అపోహ మనలో బలంగా ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, జివ్వుమంటాయి అంటారు. జివ్వుమనడం నిజమే. ఏళ్ల తరబడి పేరుకున్న గార వేరును దుప్పటిలా కప్పేసి ఉంటుంది. ఆ గార వల్లే చిగురు, కింది ఎముక తగ్గిపోయి ఉంటాయి. దుప్పటి తీయగానే వేరుకు చలి తగులుతుంది. వాచిన చిగురు వాపు తగ్గి కొంచెం కిందికి కనిపిస్తుంది. ఈ జివ్వు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుతుంది. పన్ను వదులైంది క్లీనింగ్ వల్ల కాదు, అప్పటికే వదులై గార మీద నిలబడి ఉంది. ఈ భయంతో పదేళ్లు వాయిదా వేసి, చివరికి పళ్లే పోగొట్టుకున్న వాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు.

గర్భిణులకు రెండు రకాలుగా ఇబ్బంది. ఒకటి వాంతులు. కడుపులోని యాసిడ్ మాటిమాటికీ పళ్లకు తగిలి లోపలి వైపు ఎనామిల్ కరుగుతుంది. వాంతి కాగానే బ్రష్ చేయకుండా, గ్లాసు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేస్తే యాసిడ్ తగ్గుతుంది. రెండోది, హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి రక్తం కారడం. బిడ్డ ఎముకల కోసం తల్లి పళ్లలోంచి కాల్షియం పోతుందని పెద్దవాళ్లు అంటారు గానీ అందులో నిజం లేదు. పళ్లలో కాల్షియం అలా కరిగి బయటికి రాదు. ఈ నమ్మకం వల్ల "కాన్పయ్యాక చూద్దాం" అని నొప్పి ఓర్చుకుంటారు. గర్భంతో ఉన్నప్పుడు పళ్లకు చికిత్స చేయించుకోవచ్చు, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అయితే ఇంకా సౌకర్యం. గర్భం సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, మెడికల్ షాపులో సొంతంగా నొప్పి మాత్రలు కొనకూడదు.

ఎప్పుడూ గ్యాస్, పుల్లటి త్రేన్పులు ఉన్న వాళ్లకు కూడా వాంతుల్లాగే పళ్ల లోపలి వైపు అరుగుతుంది. వాళ్లకు పంటి డాక్టర్‌తో పాటు కడుపు డాక్టర్ కూడా అవసరం.

నలభై దాటాక

ఇక్కడ కథ చిగుళ్ల చుట్టూ తిరుగుతుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగురు జారి వేర్లు బయటపడి పళ్లన్నీ జివ్వుమంటుంటే, బ్రష్ చేసినప్పుడు రక్తం వస్తుంటే, ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఒక్క పన్ను మాత్రమే, అదీ గట్టిది కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్ను చీలి ఉండొచ్చు. ఎక్స్‌రేలో కూడా కొన్నిసార్లు కనిపించదు. పెద్ద ఫిల్లింగ్ ఉన్న పళ్లకు ఇది ఎక్కువ. చీలిక లోపలికి పాకక ముందే తొడుగు వేస్తే పన్ను నిలబడుతుంది.

అరవై దాటిన వారిలో కొత్తగా జివ్వుమంటే

చాలా మందికి తెలియని సంగతి: వయసు పెరిగే కొద్దీ జివ్వు తగ్గాలి. పన్ను లోపల డెంటిన్ మెల్లమెల్లగా పేరుకుని నరం ఉన్న గది ఇరుకవుతుంది, గొట్టాలు కూడా మూసుకుపోతాయి. అందుకే అరిగిపోయిన పళ్లతో కూడా కొందరు పెద్దవాళ్లు హాయిగా చల్లటి మజ్జిగ తాగేస్తారు. అలాంటప్పుడు అరవై ఏడేళ్ల మనిషికి కొత్తగా జివ్వు మొదలైందంటే "వయసైంది కదా" అని వదిలేయకూడదు.

మా అమ్మ విషయంలో కారణం వేరు దగ్గర పుచ్చు. చిగురు జారాక బయటపడిన వేరు, ఎనామిల్ కంటే తేలికపాటి యాసిడ్‌కే కరిగిపోతుంది. దానికి తోడు నోరు ఎండిపోవడం. బీపీకి, అలర్జీకి, నిద్రకు, డిప్రెషన్‌కు వాడే మందుల్లో చాలా వాటికి ఈ లక్షణం ఉంది. లాలాజలం తగ్గితే పళ్లకు కాపలా పోయినట్టే. నోరు తడారుతోందని అమ్మ రోజంతా పుదీనా బిళ్లలు చప్పరించేది. ఆ చక్కెర నేరుగా వేర్ల మీదికి. మందులు సొంతంగా మానేయకూడదు, రాసిన డాక్టర్‌ను అడిగి మార్చుకోవచ్చేమో చూడాలి. బిళ్లల బదులు మాటిమాటికీ నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగాలి. కీళ్ల నొప్పులతో చేతివేళ్లు వంగని వారికి బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసిస్తే పట్టుకోవడం సులువు.

పెద్దవాళ్ల గురించి ఇంకో హెచ్చరిక. మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో కింది దవడ లాగినట్టు నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోతుంటే అది పంటి నొప్పి కాకపోవచ్చు. గుండె నొప్పి అలా కూడా కనిపిస్తుంది. అప్పుడు వెళ్లాల్సింది పంటి డాక్టర్ దగ్గరికి కాదు.

పేస్టు ఎప్పుడు పని చేస్తుంది?

సెన్సిటివ్ పేస్టులు మోసం కాదు. కొన్నింటిలో పొటాషియం నైట్రేట్ ఉంటుంది, అది నరం తొందరపాటును తగ్గిస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్ లాంటివి గొట్టాల మూతులను పూడుస్తాయి. రోజుకు రెండు సార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడితే గానీ ఫలితం తెలియదు. రెండు రోజులు వాడి పని చేయలేదని మానేస్తే లాభం లేదు. తోమాక నురగ ఉమ్మేసి, ఎక్కువ నీళ్లతో పుక్కిలించకుండా ఉంటే మందు కాసేపు నిలుస్తుంది. మెత్తటి బ్రష్ తప్పనిసరి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. నేను చేసిన పొరపాటు అదే.

నాలుగు వారాలు వాడినా తగ్గకపోతే ఐదో వారం కూడా అదే పేస్టు కొనకండి. పుచ్చునూ, చీలికనూ పేస్టు మాన్పదు. జివ్వు కొంచెం తగ్గినట్టు అనిపించి, లోపల పుచ్చు నరం దాకా పాకిపోతుంది. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా వెళ్తుంది.

తేడా గుర్తుపట్టడానికి గడియారం చాలు. చల్లటిది తగిలి, తీసేయగానే కొన్ని క్షణాల్లో జివ్వు పోతే కొంత టైమ్ ఉంది. తీసేశాక కూడా నిమిషాల తరబడి సలుపుతుంటే, వేడి తగిలితే నొప్పి పెరుగుతుంటే, ఏమీ తగలకుండానే రాత్రి నిద్రలోంచి లేపుతుంటే లోపలి నరం దెబ్బతింటోందని అర్థం. అప్పుడు ఇక ఆగకూడదు. ఉన్నట్టుండి ఆ నొప్పి మాయమైందంటే తగ్గిందని సంతోషపడొద్దు, నరం చచ్చిపోయి ఉండొచ్చు. తర్వాత వచ్చేది చీము, చెంప వాపు. వాపుతో పాటు జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

లవంగ నూనె దూదితో పంటి మీద ఒక చుక్క పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది, కానీ చిగురుకు తగిలితే కాలుతుంది. పొగాకు, గుల్ లాంటివి పెట్టడం, నొప్పి మాత్రను చిగురు పక్కన నొక్కిపెట్టడం అసలు వద్దు. మాత్ర పెట్టిన చోట చిగురు తెల్లగా కాలిపోతుంది, ఒక నొప్పికి రెండు నొప్పులవుతాయి.

ఖర్చుకు భయపడి ఆగేవాళ్లు ప్రభుత్వ దంత వైద్య కళాశాలలను గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, ఆంధ్రలో విజయవాడలో ఉన్నాయి. పొద్దున్నే వెళ్తే ఓపీలో చూస్తారు. వెళ్లే ముందు ఏ పన్ను, ఏది తగిలితే, ఎన్ని సెకన్లు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకెళ్లండి. మా అమ్మకు కారణం దొరికింది పన్ను చూసిన దానికంటే ముందు, ఆ చీటీలోనే.